చెప్పు జారినా తెలియడం లేదా? విషాలు, నరాలు: అపోహలు - వాస్తవాలు

"చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు సార్." కర్నూలులో నరాల వైద్యుడిగా నేను తరచూ వినే మాట ఇది. షుగర్ పరీక్ష బాగానే ఉంటే ఏమీ లేదనుకుని వెళ్లిపోతారు. షుగర్ లేకున్నా, కొన్ని విషాల వల్ల అరికాళ్లు మొద్దుబారతాయి.

అపోహ: పురుగుమందు విషం నుంచి బయటపడ్డాం, గండం గడిచింది.

వాస్తవం: చెమటలు, నోట్లో నురగ, ఆయాసం అట్రోపిన్ అనే విరుగుడు మందుతో తగ్గుతాయి. కానీ ఆర్గానోఫాస్ఫేట్ రకానికి చెందిన కొన్ని పురుగుమందులు ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళితే, 1 నుంచి 3 వారాల తర్వాత పిక్కలు పట్టేస్తాయి, పాదాలు తిమ్మిరెక్కుతాయి, ఆ తర్వాత పాదం పైకి లేవదు. దీన్ని అట్రోపిన్ ఆపలేదు. అందరికీ రాదు కానీ, ఇంటికి పంపేటప్పుడే నెల తర్వాత మళ్లీ రమ్మని చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు.

అపోహ: పురుగుమందు ముఖాన పడితే కాళ్లకేమవుతుంది?

వాస్తవం: కాలి బొటనవేలి దాకా వెళ్లే నరపు తీగకు మూలమైన నరకణం వెన్ను దగ్గర ఉంటుంది. తీగ పొడవు దాదాపు మీటరు. దానికి కావలసిన సరుకు చాలావరకు ఆ కణంలోనే తయారై తీగ వెంట ప్రయాణించాలి. సుంకేసుల దగ్గర వదిలిన కేసీ కాలువ నీళ్లకు దారిలో ఆటంకం వస్తే ముందు ఎండేది చివరి ఆయకట్టే కదా! ఇక్కడ ఆటంకం విషం, ఆ చివరి ఆయకట్టు పాదం.

జిగురులో ఉండే హెక్సేన్ అనే ద్రావకం చేసేదీ ఇదే. మూసిన గదిలో నెలల తరబడి పీలిస్తే తీగ అక్కడక్కడ ఉబ్బి, సరఫరా ఆగుతుంది. జిగురు పని మానేసినా కొన్ని వారాలు, నెలలు బలహీనత పెరుగుతూనే ఉండవచ్చు. "మానేశాక ఎక్కువైంది, కాబట్టి జిగురు వల్ల కాదు" అనే వాదన అందుకే చెల్లదు.

అపోహ: నరాల బలానికి బి విటమిన్లు ఎన్ని వాడినా మంచిదే.

వాస్తవం: బి6 అతిగా వాడితే స్పర్శను మోసే నరకణాలే దెబ్బతింటాయి. తీగ దెబ్బతింటే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. మోకాలి నుంచి వేళ్ల దాకా ఏడాది దాటుతుంది. కణమే చనిపోతే పెరగడానికి మొదలే ఉండదు.

పరీక్షకు వచ్చేటప్పుడు పురుగుమందు డబ్బాను గట్టిగా మూసి, సంచిలో చుట్టి తీసుకురండి. "తెల్లమందు" అంటే నాకేమీ తెలియదు. మూడు కలిపి కొట్టి ఉంటే మూడు డబ్బాలూ కావాలి.