777 ఎక్కణ్నుంచి వచ్చింది? అప్‌లోడ్ ఫోల్డర్ గొడవ వెనక కథ

మొన్న మళ్లీ అదే గొడవ. మా టీమ్ చూసే ఒక అడ్మిషన్ల సైట్లో పిల్లల ఫొటోలు ఎక్కడం ఆగిపోయింది. లాగ్ తెరిస్తే వరసగా ‘పర్మిషన్ డినైడ్’. చివరి తేదీ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో ఒకరు డిప్లాయ్ స్క్రిప్టులోనే (కొత్త కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించేది) సీహెచ్‌మోడ్ 777 రాసేశారు, అంటే ఆ ఫైళ్లని ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు, ఫొటోలు ఎక్కాయి. ఆ లైను తీసేయమని సర్వర్లు చూసేవాళ్లు, పని చేస్తున్నదాన్ని ఎందుకు కదపాలని డెవలపర్లు.

మూడు అంకెలు వరసగా ఓనరు, గ్రూపు, మిగతావాళ్లకి ఇచ్చే అనుమతులు: 7 అంటే అన్నీ, 5 అంటే రాయడం తప్ప మిగతావి. లెక్క అంతే. నా దృష్టిలో అసలు ముడి షేర్డ్ హోస్టింగ్ రోజుల్లో, అంటే 2000 తర్వాతి కొన్నేళ్లలో పడింది. ఒకే సర్వర్లో బోలెడు ఖాతాలు. ఎఫ్‌టీపీలో (ఫైళ్లు సర్వర్‌కి పంపే పద్ధతి) పెట్టిన ఫైళ్లు మన పేరు మీద ఉంటాయి, వాటిని నడిపే పీహెచ్‌పీ మాత్రం వెబ్ సర్వర్ అపాచీలో భాగంగా ‘నోబడీ’ అనో ‘అపాచీ’ అనో ఇంకో యూజర్ పేరు మీద నడుస్తుంది. అప్‌లోడ్స్ ఫోల్డర్ 755లో ఉంటే అందులో మనం రాయగలం, నోబడీ చదవగలడు, అంతే. ఓనర్ని మార్చాలంటే రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం కావాలి, అది మనకి ఇవ్వరు. చేతిలో మిగిలింది ఆ మూడో అంకె ఒక్కటే. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, గడిలో 777 అని వేసి, ఓకే నొక్కడం. ఇన్‌స్టాల్ గైడ్లు కూడా అదే చెప్పేవి, అప్పట్లో అది చేసినవాళ్లని నేను తప్పు పట్టను. పైగా పీహెచ్‌పీ తనంతట తాను సృష్టించిన సబ్‌ఫోల్డర్లు నోబడీ పేరు మీద ఉండేవి, వాటిలో ఫొటో డిలీట్ చేయడానికి సైటు ఓనరే హోస్టింగ్ వాళ్లకి టికెట్ పెట్టుకోవాల్సి వచ్చేది.

ఆ ముడిని విప్పింది సూపీహెచ్‌పీ లాంటి పద్ధతులు. ఎవరి స్క్రిప్టు వాళ్ల పేరు మీదే నడవడం మొదలైంది. 2010 జులైలో పీహెచ్‌పీ 5.3.3తో ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని వెబ్ సర్వర్ నుంచి విడిగా నడిపేది) కూడా లోపలే వచ్చేశాక సైటుకో యూజర్ని పెట్టడం మామూలు పనైపోయింది. ఫోల్డర్ ఓనరూ, అందులో రాసే ప్రాసెస్సూ ఒకరే అయినప్పుడు 755 చాలు. సూపీహెచ్‌పీ అయితే మామూలు సెట్టింగుల్లో 777 ఫోల్డర్లో ఉన్న స్క్రిప్టుని అసలు నడపనే నడపదు, 500 ఎర్రర్ ఇస్తుంది. అంటే 777 అవసరం అప్పుడే తీరిపోయింది, గైడ్లలో లైను మాత్రం ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

సర్వర్ వాళ్లు ఇప్పటికీ ఎత్తేది 2011 ఆగస్టు నాటి టిమ్‌థంబ్ సంగతి. చాలా వర్డ్‌ప్రెస్ థీముల్లో ఉండిన, ఫొటో సైజు మార్చే స్క్రిప్టు అది. బయటి సైటు నుంచి బొమ్మ తెచ్చి, బ్రౌజర్లో నేరుగా తెరవగలిగే కాష్ ఫోల్డర్లో పెట్టేది. అనుమతి ఉన్న సైటు పేరు అడ్రసులో ఎక్కడో ఒకచోట కనబడితే చాలు, సరే అనేసేది. దాంతో బొమ్మ బదులు పీహెచ్‌పీ ఫైలు దింపి నడిపించేశారు. నిజం చెప్పాలంటే 755 ఉన్నా ఈ దాడి ఆగేది కాదు, రాసేది సైటు సొంత ప్రాసెస్సే కాబట్టి. అందుకే అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా వెబ్ సర్వర్లో వేరేగా ఆపాలి. కానీ మా స్క్రిప్టులో ఆ 777 అప్‌లోడ్స్ ఒక్కదానికే లేదు, -ఆర్ (లోపలున్న అన్నిటికీ వర్తించమని) తగిలించి మొత్తం ప్రాజెక్టుకి ఇచ్చారు. అలాంటి ఫైలు ఒక్కటి లోపలికొస్తే కోడ్ మొత్తాన్నీ తిరగరాసేయొచ్చు.

కంటైనర్లో, అంటే యాప్‌ని విడిగా పెట్టి నడిపే డబ్బాలో, మా యాప్ ఒక్కటే ఉన్నప్పుడు ‘మిగతావాళ్లు’ ఎవరని డెవలపర్లు అడుగుతున్నారు. ఆ ఫోల్డర్ కంటైనర్లో లేదు, కంటైనర్ నడిచే హోస్ట్ మెషీన్ నుంచి మౌంట్ చేసింది (లోపల కనబడేలా తగిలించింది), అక్కడ వేరే సర్వీసులూ ఉన్నాయి. అసలు ఎర్రర్ ఎందుకొచ్చిందో చూస్తే ఇంకా బాధేస్తుంది. సైజు తగ్గుతుందని పోయిన వారం కంటైనర్‌కి అడుగున ఉండే డెబియన్ లినక్స్ ఇమేజ్ తీసి, ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌ది పెట్టారు. రెండింట్లోనూ యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటానే, కానీ డెబియన్‌లో ఆ యూజర్ నంబరు 33, పీహెచ్‌పీ ఆల్పైన్ ఇమేజ్‌లో 82. లినక్స్ చూసేది నంబరు, పేరు కాదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌కి -ఎల్ఎన్ తగిలిస్తే పాత ఫొటోలన్నిటి పక్కనా 33 కనబడుతోంది, రాయబోతున్నది 82. రెండు నిమిషాల్లో తేలే విషయం. అక్కడా ఏమీ కనబడకపోతే నేమ్‌ఐ -ఎల్ కొట్టి పైనుంచి ఒక్కో ఫోల్డర్నీ చూడాలి, దారిలో ఏ ఒక్కదానికి ఎక్స్ (ఫోల్డర్లోకి వెళ్లే అనుమతి) లేకపోయినా లోపలికి పోనివ్వదు. ఈ అంకెలకి పైన వేరేగా ఉండే భద్రతా కాపలా, ఎస్ఈలినక్స్ ఆపుతుంటే మాత్రం 777 కొట్టినా లాభం ఉండదు.

నిన్న సాయంత్రం అప్‌లోడ్స్ ఓనర్ని 82కి మార్చి 755 పెట్టారు, ఫొటోలు ఎక్కుతున్నాయి. స్క్రిప్టులో ఆ లైను ఇంకా ఉంది. తీసేసే మార్పు రివ్యూలో ఉంది, చివరి తేదీ అయ్యాక చూద్దామని దాని కింద రాశారు. ఈలోపు ఒక్క డిప్లాయ్ జరిగినా అంతా మళ్లీ 777.