పాత డబుల్ బ్యారెల్ తుపాకీ వయసు: అపోహలు - వాస్తవాలు

తాతల నాటి డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉన్నవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఎప్పటిది?" అని. ఆ వెంటనే "ఎంత పలుకుతుంది?" అని. కాలం తేలితే గాని ధర తేలదు. కాలం తేల్చేది ఇంట్లో చెప్పుకునే కథ కాదు, గొట్టాల అడుగున కొట్టిన ముద్రలు. పాత తుపాకులను గుర్తించే పనిలో నాకు పదేపదే ఎదురయ్యే నమ్మకాలు ఇవి.

అపోహ: గొట్టం మీద ఎవరి పేరుంటే తయారీ వాళ్లదే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇది. లండన్‌లో జోసెఫ్ మాంటన్ అనే గొప్ప తుపాకుల తయారీదారు ఉండేవాడు. 1835లో చనిపోయాడు. వెనక నుంచి తూటా పెట్టి, మధ్యలో పిన్ను కొట్టి పేల్చే తుపాకీ మీద ఆయన పేరు కనిపిస్తే అది ఆయన చేసింది కాదు. ఆ తరహా తూటాలు వాడుకలోకి వచ్చింది ఆయన పోయిన పాతికేళ్లకు. అలాంటి తుపాకీ గొట్టాలు తీసి చూస్తే చాలాసార్లు అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, దాని లోపల ఈ, ఎల్, జి అక్షరాలు ఉంటాయి. అది బెల్జియంలోని లియెజ్ పట్టణపు ప్రూఫ్ ముద్ర, అంటే గొట్టం పేలుడు ఒత్తిడిని తట్టుకుంటుందని పరీక్షించి వేసిన గుర్తు. ఆ గుడ్డు పైన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది. పేరున్న ఇంగ్లిష్ కంపెనీలను తలపించే పేర్లు వేసి చవక తుపాకులు అమ్మడం ఆ రోజుల్లో పెద్ద వ్యాపారం.

పేరు మోసం కాకపోయినా అది అమ్మినవాళ్లది కావచ్చు. మన జమీందారీ కుటుంబాల దగ్గర కలకత్తా, మద్రాసు దుకాణాల పేర్లున్న తుపాకులు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు బర్మింగ్‌హామ్ వర్క్‌షాపుల్లో తయారై, ఇక్కడి దుకాణం పేరు చెక్కించుకుని ఓడెక్కినవే. అవి నకిలీలు కావు. నాణ్యమైనవి కూడా ఎన్నో ఉన్నాయి.

ముద్రలు చూడాలంటే తుపాకీ ఖాళీగా ఉందని ముందు రూఢి చేసుకోండి. గొట్టాల కింది చెక్క తీసేసి, మీట తిప్పి గొట్టాలను విడదీయండి. తూటా పెట్టే చివర, అడుగున చదునుగా ఉండే చోట ముద్రలు ఉంటాయి. టార్చ్ నేరుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టండి. అరిగిపోయిన గీతలు కూడా నీడ పడి పైకి తేలతాయి. దయచేసి గరుకు కాగితంతో గాని పాలిష్‌తో గాని రుద్దకండి. ఆ గీతలే దాని జాతకం.

బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా పెట్టినట్టున్న ముద్ర అక్కడ 1904 వరకు నడిచింది. 'నాట్ ఫర్ బాల్' (ఒంటి గుండుకు కాదు) అన్న మాటలుంటే 1875, 1887 మధ్య ప్రూఫ్ అయిన చోక్ గొట్టం, అంటే మూతి దగ్గర కాస్త ఇరుకైనది. డైమండ్ ఆకారంలో గొట్టం సైజు చెప్పే 12, దాని కింద సి ఉంటే 1887 గాని ఆ తర్వాత గాని. తూటా గది పొడవు అంగుళాల్లో రాసి ఉంటే 1925 తర్వాత. ఒక్కటి గుర్తుంచుకోండి. తుపాకీని తర్వాత మళ్లీ ప్రూఫ్‌కి పంపి ఉండవచ్చు. అందుకే అన్ని ముద్రలూ కలిపి చదవాలి, కొత్తదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

అపోహ: బయటికి హ్యామర్లు (తూటాను పేల్చే సుత్తులు) ఉన్నాయంటే 1875కి ముందుది.

ఇంగ్లండ్‌కు చెందిన ఆన్సన్, డీలీలు హ్యామర్లు బయటికి లేని తుపాకీకి తీసుకున్న పేటెంట్ 1875 నాటిదన్న మాట నిజమే. కానీ హ్యామర్ తుపాకులు ఇరవయ్యో శతాబ్దంలోనూ తయారయ్యాయి. పేటెంట్ ఏదైనా "అంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతుంది.

అపోహ: సీరియల్ నంబర్ ఇస్తే సంవత్సరం వచ్చేస్తుంది.

అందరికీ కలిపి ఒకే జాబితా లేదు. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి పెద్ద సంస్థల దగ్గర పాత రికార్డులు ఉన్నాయి కాబట్టి వాటి తుపాకులకు నంబర్ ఉపయోగపడుతుంది. మామూలు బెల్జియం తుపాకీ మీది నంబర్ చాలాసార్లు విడిభాగాలు తారుమారు కాకుండా వేసుకున్న గుర్తు మాత్రమే.

అపోహ: గొట్టం మీద అలల గీతలు మన కోనసముద్రం ఉక్కువే.

ఇది విన్నప్పుడల్లా కాదనడానికి మనసొప్పదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. కత్తుల మీద కనిపించే అలలు ఆ ఉక్కు లోపలి స్వభావం. తుపాకీ గొట్టం సంగతి వేరు. ఇనుము, ఉక్కు కడ్డీలను ఎర్రగా కాల్చి, మెలిపెట్టి, ఒక ఊచ చుట్టూ చుట్టి, సుత్తితో కొట్టి అతికిస్తే వచ్చే డిజైన్ అది. దాన్ని డమాస్కస్ అన్నారు గాని కత్తుల ఉక్కుతో సంబంధం లేదు. పైగా మామూలు ఉక్కు గొట్టం మీద పైపైన డిజైన్ అద్దిన నకిలీలూ ఉన్నాయి. గొట్టాల కింది చెక్క తీసి చూడండి, అసలైనదైతే డిజైన్ దాని కింద కూడా కొనసాగుతుంది.

"ఆ కాలంలో గట్టిగా చేసేవాళ్లు" అని అందులో నేటి తూటా మాత్రం పెట్టవద్దు. ఇలాంటివి చాలావరకు పాత బ్లాక్ పౌడర్‌కి (నల్ల తుపాకీ మందుకు) ప్రూఫ్ అయినవి, తూటా గది కూడా నేటి 70 మిల్లీమీటర్ల తూటాకు చిన్నదై ఉండవచ్చు. గొట్టం మందం, లోపలి గుంటలు కొలిచే నిపుణుడు చూడకుండా పేల్చడం ప్రాణాలతో చెలగాటం.

అపోహ: వందేళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదు.

ఈ మాట అమెరికాలో ఉన్న బంధువుల నుంచి వస్తుంది. అక్కడి ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైనవాటిని సాధారణంగా పురాతనాలుగా చూస్తుంది. మన 1959 ఆయుధ చట్టం అలా కాదు. పాతదై, బాగు చేసినా పేలని స్థితిలో ఉంటేనే మినహాయింపు. పేలే తుపాకీకి ఎంత వయసున్నా లైసెన్స్ కావాలి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర సాధారణంగా రెండుకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. వందేళ్లు దాటినదాన్ని విదేశాల్లోని పిల్లలకు పంపాలనుకుంటే 1972 పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది.