డీఎన్ఏ హెడ్‌లైన్లు షాంగాను ఎందుకు మర్చిపోయాయి?

తూర్పు ఆఫ్రికా తీరంలోని స్వాహిలీ పట్టణాలు కట్టింది పర్షియన్లేనా (నేటి ఇరాన్ వాళ్లేనా)? ముగిసిపోయిందనుకున్న ఈ గొడవను 2023 మార్చిలో నేచర్ పత్రికలో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం మళ్లీ రాజేసింది. కెన్యా, టాంజానియాల్లో 80 మంది పాతకాలపు మనుషుల అవశేషాలను పరీక్షించారు. తీరవాసుల్లో చాలామందికి క్రీ.శ. 1000 ప్రాంతం నుంచి ఆసియా సంబంధం కలిసినట్టు తేలింది. అది ఎక్కువగా పర్షియా మగవాళ్లది, కొంత భారతీయులది. తల్లుల వైపు దాదాపు అంతా ఆఫ్రికానే. హెడ్‌లైన్లలో మాత్రం మొదటి సగమే మిగిలింది.

నిజానికి ఈ కథ మలుపు తిరిగింది ల్యాబ్‌లో కాదు, కెన్యాలోని పాటే దీవి మీద, షాంగా శిథిలాల్లో. అప్పటిదాకా టాంజానియాలోని కిల్వా, కెన్యాలోని మాండా అనే పాత స్వాహిలీ పట్టణాలను తవ్విన పురావస్తు శాస్త్రవేత్త నెవిల్ చిటిక్ మాటే చెల్లేది. గల్ఫ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే ఈ పట్టణాలకు మూలమని ఆయన వాదన. దీవి చుట్టూ పరిచేంత బట్ట ఇచ్చి పర్షియాలోని షిరాజ్ రాజకుమారుడు కిల్వాను కొన్నాడని అక్కడి పాత గాథ కూడా చెబుతుంది. పైగా వలస పాలనలో ‘నేటివ్’ కాదని రాయించుకుంటే దక్కే సౌకర్యాలే వేరు. అలాంటప్పుడు అరబ్బు, పర్షియా వంశమని చెప్పుకోనిదెవరు?

1980లో పురావస్తు శాస్త్రవేత్త మార్క్ హార్టన్ బృందం షాంగాలో తవ్వకాలు మొదలుపెట్టింది. రాతి జుమ్మా మసీదు నేల కిందకి పొర తర్వాత పొర దిగుతూ పోతే, ఒకదాని కింద ఒకటిగా పాత మసీదులు బయటపడ్డాయి. అట్టడుగున రాయే లేదు. ఇసుకలో గుండ్రటి నల్లటి మరకలు, అంటే కర్ర గుంజలు పాతిన గుంతలు మాత్రమే ఉన్నాయి. ఆ చిన్న కర్ర మసీదు 8వ శతాబ్దం చివరిదని హార్టన్ లెక్క. చుట్టూ దొరికిన కుండ పెంకుల్లో అత్యధికం త్రికోణాల గీతలున్న స్థానిక మట్టిపాత్రలవే. గల్ఫ్ సరుకు ఉంది గానీ కొద్దిగానే. ‘ముహమ్మద్’, ‘అబ్దల్లా’ పేర్లతో చిన్న వెండి నాణేలూ, భారతీయ శైలిలో ఉన్న బుల్లి కంచు సింహమూ అక్కడే దొరికాయి.

ఇస్లాం ఓడలెక్కి వచ్చిందే, దాన్ని ఎవరూ కాదనరు. పర్షియా పక్షం దీన్నే గట్టిగా పట్టుకుంటుంది. కానీ డీఎన్ఏ చెప్పే కలయికకు దాదాపు 200 ఏళ్ల ముందే షాంగాలో నమాజు జరుగుతోంది. వచ్చినవాళ్లు ఉన్న ఊళ్లోకి అల్లుళ్లుగా వచ్చారన్నమాట. ఈ అధ్యయనంలో పాల్గొన్న చాపురుఖా కుసింబా కూడా స్వాహిలీ సంస్కృతి వేళ్లు ఆఫ్రికావేనని ఏళ్లుగా రాస్తున్న కెన్యా పండితుడే.

ఇంకో సంగతి. ఆ తీరపు అవశేషాల్లో చాలావరకు మసీదుల దగ్గరి పెద్దింటివాళ్ల సమాధుల్లోవి. వాటి కాలం 1250 నుంచి 1800 దాకా. షాంగాలో ఆ గుంజలు పాతిన తరం వాళ్లు ఈ 80 మందిలో లేరు.