కొని తెచ్చిన చెత్త

కళింగపట్నం,
శ్రీకాకుళం జిల్లా

చిరంజీవులైన నా మనవలకు, మనవరాలికి, వాళ్లతో కలిసి ఏనుగును మోసిన విజయనగరం స్నేహితులందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. సీసాల ఏనుగు బాగుంది. తొండం మరీ బాగుంది. ఆ వంపు రావడానికి సీసాలను అడ్డంగా కోసి ఒకదానిలో ఒకటి దూర్చారని కళ్లద్దాలు పెట్టుకుని మరీ కనిపెట్టాను. బడి ప్రదర్శనలో రెండో బహుమతి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. ఆ మాటల్లోనే ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో ఉన్న సీసాలు చాలక, కొట్టుకు వెళ్లి రెండు డజన్ల కూల్‌డ్రింకు సీసాలు కొన్నారట. తాగగలిగినంత తాగి మిగిలింది పారబోశారట. చెవులకు థర్మాకోల్ అట్టలు, ఒంటికి వెండి రంగు, అంటించడానికి అరడజను జిగురు గొట్టాలు. ఇంతా చేసి ఏనుగు కింద "చెత్త నుంచి కళ" అని రాశారు.

నాకు నవ్వాగలేదు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అంటే మీ ఏనుగు చెవులు రెండూ చట్టవిరుద్ధం!

తిట్టడానికి రాయడం లేదు. ముప్పై రెండేళ్లు క్రాఫ్టు టీచరుగా పనిచేసినదాన్ని, ఇలాంటి ఏనుగులు నేనూ చేయించాను. అన్నిటికన్నా పెద్ద తప్పు నాదే, అది చెబుతాను వినండి. ఒక పల్లెటూరి బడిలో ఉండగా పాలిథీన్ సంచులతో రాక్షసుణ్ని చేయించాను. వెదురు బద్దల చట్రం, నల్ల సంచుల జుట్టు, వేలాడే నాలుకకు ఎర్ర సంచి. గేటు దగ్గర నిలబెడితే వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోళ్లు అయ్యాక వాణ్ని ఏం చెయ్యాలో ఎవరమూ అనుకోలేదు. నెలల తరబడి ఎండలో అలాగే నిలబడ్డాడు. ఎండకు పాలిథీన్ బిరుసెక్కుతుంది, వేలితో తాకితే అప్పడంలా విరుగుతుంది. వేసవిలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే గేటు దగ్గర వెదురు ఎముకలే ఉన్నాయి. ఒళ్లంతా పక్కనున్న నువ్వు చేలో, కంచె ముళ్లకు, బడి బావిలో. పిల్లలూ నేనూ వారం రోజులు ఏరాం. గోరంత ముక్కలు ఎన్ని ఏరగలం? అవి ఇంకా ఆ మట్టిలోనే ఉండి ఉంటాయి. చేను గల ఆసామి మంచివాడు, కోప్పడలేదు. "మీ రాక్షసుడు బాగా పెరిగాడు టీచరుగారూ, నా చేనంతా వాడే" అన్నాడు. కోప్పడితేనే బాగుండేది.

అప్పటి నుంచి ఏ బొమ్మ మొదలుపెట్టినా, దాని చావు సంగతి ముందు తేల్చుకుంటాను.

మన పాతవాళ్లకు ఇది తెలిసిన విద్యే. మీరు చలికాలం కప్పుకునే బొంత చూడండి. మీ ముత్తమ్మమ్మ చీరలు నాలుగు, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు చింపి చుట్టూ కట్టుగా వేసి, పొడుగు సూదితో వరసలుగా కుట్టింది. ఆ బొంత చిరిగాక కాళ్లు తుడుచుకునే పట్టా అయింది, అదీ చిరిగి పేలికైంది. మన జిల్లా బూడితిలో పాత ఇత్తడి మూసలో కరిగి మళ్లీ పాత్ర అవుతుంది. అక్కడ దాన్ని చెత్త అనరు, సరుకు అంటారు.

ఇక పగిలినవాటితో ఊరంత బొమ్మ చేసిన మనిషి కథ. చండీగఢ్ నగరం కట్టేటప్పుడు అక్కడున్న పల్లెలను కూల్చారు. పెంకులు, పింగాణీ పాత్రలు, మట్టికుండలు, గాజులు గుట్టలుగా పడి ఉండేవి. నేక్‌చంద్ అని ఒక చిరుద్యోగి, రోడ్ల పనులు చూసే ఇన్‌స్పెక్టరు, ఆ ముక్కలను సైకిలు మీద మోసుకుపోయి అడవిలో దాచేవాడు. 1957 ప్రాంతంలో మొదలుపెట్టాడు. అది ప్రభుత్వ భూమి, అక్కడ ఏమీ కట్టకూడదు. అందుకని ఉద్యోగం అయ్యాక, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా పని. మనుషులు, కోతులు, పక్షులు, వరసలు వరసలుగా. పగిలిన చేతిగాజులను సిమెంటులో గుచ్చి ఆడవాళ్లకు చీరలు కట్టాడు. దాదాపు పద్దెనిమిదేళ్లు ఎవరికీ తెలియలేదంటే నమ్మండి! తెలిశాక అధికారులు తలలు పట్టుకున్నారు. చట్టం ప్రకారం కూల్చాలి, చూస్తే చెయ్యి రాదు. చివరికి 1976లో జనానికి తెరిచారు, ఆయనకే జీతమిచ్చి యాభై మంది పనివాళ్లను కూడా ఇచ్చారు. అదే ఇప్పుడు రాక్ గార్డెన్. తరువాత ఒకసారి బుల్డోజర్లు వస్తే ఊరి జనమే అడ్డంగా నిలబడ్డారు. 1984లో పద్మశ్రీ ఇచ్చారు, 2015లో పోయాడు.

ఆయన ఏరిన ప్రతి పెంకూ ఎవరి వంటింట్లోదో కదా అనిపిస్తుంది నాకు. కూల్చిన ఇళ్లకు ఆ తోట తప్ప ఇంకో గుర్తేముంది? అందుకే అది ఒట్టి ముచ్చట కాదు. ఆయన ఆ ముక్కల కోసం కొట్టుకు వెళ్లలేదు, గమనించారా?

అయితే ఏ చెత్తతో చెయ్యాలి? ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మన వీధికి గోనెసంచితో వచ్చే ఆమె చెప్పింది. ఆమెకు చదువు రాదు. కానీ ప్లాస్టిక్‌ను నలిపి, చప్పుడు విని రకం చెబుతుంది. మెత్తగా నలిగితే పాలకవరు రకం, గరగరమంటే వేరే రకం. రెండూ ఒకే మూటలో వేస్తే పాతసామాన్ల కొట్టువాడు ధర కోస్తాడట. నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము, రాగితీగ, ఇవన్నీ ఆమెకు తూకం లెక్కన డబ్బు. నేనొకసారి బడి పిల్లలతో సీసాలు పోగుచేయించి పూలకుండీలు చేయిస్తుంటే గేటు అవతల నిలబడి చూసింది. "అమ్మగారూ, అవి నా బియ్యం" అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

కాబట్టి మీ ఏనుగు విషయంలో రెండో తప్పు ఇది. సీసా చెత్త కాదు, దానికి కొనేవాడున్నాడు. ఎవరూ కొననిది తీసుకోవాలి మనం. తళతళలాడే చిప్స్ పొట్లాలు, షాంపూ పొట్లాలు చూడండి. పైకి ఒక్క కాగితంలా ఉంటాయి గానీ, ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పూత వేసి అతికిస్తారు. పులిహోరలోంచి పసుపును విడదీయగలమా? ఇదీ అంతే. పొర నుంచి పొర ఊడిరాదు కనుక కొట్టువాడు తీసుకోడు, ఆమె ఏరదు, అవి కాలవలోకి పోతాయి.

బ్రెజిల్ దేశంలో విక్ మునీజ్ అనే చిత్రకారుడు ఇంకో దారి పట్టాడు. రియో నగరం పక్కన జార్డిమ్ గ్రామాషో అని కొండంత చెత్తదిబ్బ ఉండేది, 2012లో మూసేశారు. అక్కడ చెత్త ఏరుకుని బతికేవాళ్ల ముఖాలనే పెద్ద షెడ్డు నేల మీద, వాళ్ల చేతే, ఆ చెత్తతోనే పరిపించాడు. పై నుంచి ఫొటోలు తీసి అమ్మి, ఆ డబ్బు వాళ్ల సంఘానికి ఇచ్చాడు. నాకు డబ్బు సంగతి కన్నా ఆ ముఖాల సంగతి నచ్చింది. గోనెసంచి ఆమె మన వీధికి ఎన్నేళ్లుగా వస్తోంది! మీలో ఒక్కరైనా ఆమె ముఖం గుర్తుపట్టి బొమ్మ గీయగలరా?

ఇక మన పని. సంక్రాంతి సెలవులకు ఎలాగూ వస్తారు, భోగికి రెండు రోజుల ముందే రండి. వంశధార సముద్రంలో కలిసే చోట ఒడ్డున ఏం దొరుకుతుందో మీకు తెలుసు. ఏటిలో కొట్టుకొచ్చిన పొట్లాలు, తెగిన వలలు, ఒంటికాలి చెప్పులు (రెండో చెప్పు ఎక్కడికి పోతుందో ఆ సముద్రుడికే తెలియాలి). ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. పారేసిన వల నీళ్లలో ఉన్నా పట్టడం మానదు. తాబేలు చిక్కుకుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చస్తుంది. అందుకే మనం తాబేలు చేద్దాం. జిగురు వద్దు, రంగు వద్దు. ఎన్నికలప్పటి పాత ఫ్లెక్సీలు తిరగేసి జతచేసి, దాని మీద పొట్లాలను రకాలవారీగా వరసలు పెట్టి కుడదాం. బొంతే, కాకపోతే కప్పుకునేది కాదు. ఏరాక రకాలుగా గుట్టలు పెట్టడం అసలు పని. ఏ గుట్ట పెద్దదైతే తాబేలు వీపు మీద దానికి అంత చోటు. పంచాయతీ అరుగు ముందు వేలాడదీస్తే, ఊరు తాను ఏం పారేస్తోందో దూరం నుంచే చదువుకుంటుంది.

పోయిన ఏడు చిన్నది ఒకటి చేశాను. మలుపులో కొట్టున్నాయన వచ్చి తన కొట్లో అమ్మే పొట్లాలను వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. సగంలో మానేసి వెళ్లిపోయాడు. మర్నాడు కొట్టు ముందు డబ్బా పెట్టాడు. పది రోజులకు ఆ డబ్బాను ఎవరో ఎత్తుకుపోయారు. మళ్లీ పెట్టాడు, ఈసారి అడుగున చిల్లు పొడిచి. అది ఇంకా ఉంది.

నెల తిరిగేసరికి తాబేలును దించి, కుట్లు విప్పి, పంచాయతీ చెత్త షెడ్డుకు ఇచ్చేద్దాం. మళ్లీ పనికిరాని ఇలాంటి పొట్లాల ప్లాస్టిక్‌ను సిమెంటు బట్టీల్లో బొగ్గుతో పాటు మండించే పద్ధతి ఉంది, ప్లాస్టిక్ చెత్త మీద 2016లో వచ్చిన నిబంధనలు దానికి ఒప్పుకున్నాయి. గొప్ప దారేమీ కాదు, కాలవ కన్నా నయం. భోగిమంటలో మాత్రం ఒక్క ఫ్లెక్సీ ముక్క కూడా వెయ్యనివ్వను. ఆ పొగలో ఆమ్లం ఉంటుంది, మీ తాతగారి దగ్గు మీకు తెలిసిందే.

ఏనుగును కూడా తీసుకురండి, బస్సులో పట్టకపోతే విడగొట్టి తెండి. మూతలు వేరు, సీసాలు వేరు చేసి గోనెసంచి ఆమెకు ఇద్దాం. రంగు పూసినవాటికి ధర తగ్గిస్తారేమో, ఆ సంగతి మీరే ఆమెతో మాట్లాడుకోవాలి. ఆమెను మన కుట్టుపనికి పిలిచాను. రోజు కూలి ఇస్తేనే వస్తానంది, సరే అన్నాను. మీ భోగి డబ్బుల్లోంచి కొంత పక్కన పెట్టండి.

పాత చొక్కాలు తెచ్చుకోండి. ఒడ్డుకు చెప్పులు లేకుండా దిగవద్దు, వలల్లో గాలాలు ఉంటాయి.

ఇట్లు
మీ అమ్మమ్మ