రాగి దేశం, వజ్రాల దేశం: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆఫ్రికా అంటే ఒకే దేశమైనట్టు, అక్కడి వాళ్లందరిదీ ఒకే తీరు పేదరికమైనట్టు పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మీరు వినే ఉంటారు. ఆ ఖండంలో యాభైకి పైగా దేశాలున్నాయి. వాటిలో జాంబేజీ నదికి అటూ ఇటూ ఉన్న రెండింటి సంగతి, జాంబియా, బోట్స్వానాల సంగతి, ఈ ఉత్తరంలో రాస్తున్నాను. రెండూ బ్రిటిష్ పాలన నుంచి రెండేళ్ల తేడాతో బయటపడ్డాయి, రెండింటికీ సముద్రతీరం లేదు, రెండింటి రాబడికీ గనులే ఆధారం.

1964లో స్వతంత్రం వచ్చేనాటికి జాంబియాకు రాగి గనులూ, వాటి చుట్టూ పెరిగిన కిట్వే, ఎన్‌డోలా వంటి పట్టణాలూ, రైలు మార్గమూ ఉన్నాయి. 1966లో బోట్స్వానాకు ఉన్న తారు రోడ్డు పట్టుమని పన్నెండు కిలోమీటర్లేనని చెబుతారు. పైగా ఆ ఏడాది కరవుకు పశువులు మందలు మందలుగా చనిపోయాయి. ఈ రెంటిలో ఏది బాగుపడుతుందని ఆనాడు అడిగితే జాంబియా అనే చెప్పేవారు. ఇవాళ బోట్స్వానా తలసరి ఆదాయం జాంబియా కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ.

దీనికి మంచి పాలనే కారణమని చాలామంది రాస్తారు. అది సగం నిజం. బోట్స్వానా తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఖనిజాల మీద హక్కు ఏ ఒక్క తెగదీ కాకుండా, తన సొంత తెగది కూడా కాకుండా, దేశమంతటిదీ అయ్యేలా చట్టం చేయించాడు. 1967లో ఒరాపాలో వజ్రాలు దొరికాయి. 1975 నాటికి ఆ వజ్రాలు తవ్వే కంపెనీలో ప్రభుత్వానికి సగం వాటా వచ్చింది, ఆ డబ్బు బడులకూ రోడ్లకూ ఆస్పత్రులకూ చేరింది. మిగతా సగం అదృష్టమే అంటాను. వజ్రాల ధర పడిపోకుండా డి బీర్స్ అనే పెద్ద వజ్రాల కంపెనీ బజారులోకి వచ్చే సరుకును అదుపులో పెట్టేది. రాగికి అటువంటి కాపు ఎవరూ లేరు. 1974-75లో దాని ధర కుప్పకూలేసరికి జాంబియా అప్పుల్లోకి జారింది. పొరుగున ఉన్న రొడీషియాలో (నేటి జింబాబ్వే) తెల్లవారి పాలనను ఎదిరించినందుకు 1973 నుంచి సరిహద్దు మూతపడి, సరుకు రవాణా భారం కూడా మీద పడింది. ఆ నష్టాన్ని తప్పుల ఖాతాలో రాయడానికి నాకు చెయ్యి రాదు. ఇక పంచుకునే జనం సంగతి చూడండి: బోట్స్వానా మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి రెట్టింపు విస్తీర్ణం, జనం మాత్రం పాతిక లక్షల లోపు. జాంబియాలో దాదాపు రెండు కోట్లు.

ఇదంతా ఇంట్లో ఎలా కనిపిస్తుందో చెబుతాను. జాంబియాలో పూటపూటా తినేది న్షీమా, అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన సంకటి. ఆ పిండి ధర పెంచినందుకే 1986లోనూ 1990లోనూ అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. గని కార్మికుడికి ఒకప్పుడు ఇల్లు, పిల్లల చదువు, వైద్యం అన్నీ గని యాజమాన్యమే చూసేది. 1990ల చివర గనులు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాక అవి చాలావరకు ఊడిపోయాయి. 2024లో వానలు లేక జాంబేజీ నది మీది కరీబా జలాశయం అడుగంటింది. కరెంటు ఎక్కువగా నీటి నుంచే వచ్చే దేశం కాబట్టి రోజులో చాలా గంటలు సరఫరా ఉండేది కాదు, పట్టణాల్లోనూ ఎంబావులా అనే బొగ్గుల కుంపటి మీద సంకటి కెలుక్కున్నారు. 2022 లెక్కల ప్రకారం అక్కడ నూటికి అరవై మంది పేదలు.

అయితే బోట్స్వానా బతుకు ఐదు రెట్లు బాగుందనుకోకండి. 2000 ప్రాంతంలో అక్కడి పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి హెచ్ఐవీ ఉండేది, సగటు ఆయుర్దాయం దారుణంగా పడిపోయింది. 2002లో ప్రభుత్వం మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లి నుంచి బిడ్డకు ఆ జబ్బు సోకడం ఇప్పుడు బాగా తగ్గింది. నా దృష్టిలో వజ్రాల డబ్బుతో చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది. అయినా రెండు దేశాల ఆయుర్దాయంలో తేడా నేడు కొద్ది ఏళ్లే. పైగా వజ్రాల గనికి యంత్రాలు కావాలి గానీ మనుషులు ఎక్కువ అక్కరలేదు. అందుకే చదువుకున్న యువత ఉద్యోగాలు లేక తిరుగుతోంది, ఉన్నవారికీ లేనివారికీ మధ్య దూరం ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. స్వతంత్రం నుంచీ ఏలిన పార్టీని అక్కడి ఓటర్లు 2024లో దించేశారు.

ఇప్పుడు గాలి మారుతోంది. మన సూరత్‌లోనూ చైనాలోనూ యంత్రాల్లో తయారయ్యే వజ్రాలు గని వజ్రాల గిరాకీని తగ్గిస్తున్నాయి; విద్యుత్ వాహనాల వల్ల రాగికి గిరాకీ పెరుగుతోంది. జాంబియా 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో హైస్కూలు దాకా ఫీజులు ఎత్తేసింది, పిల్లలు ఎంతగా వచ్చి చేరారంటే తరగతి గదులు చాలడం లేదు. ఆ గదులు కట్టడానికీ, పాత అప్పులు తీర్చడానికీ ఆ దేశం నమ్ముకున్నది మళ్లీ ఆ రాగినే.

ఇట్లు,
మీ తాతయ్య