స్మోలెన్స్క్ విమాన ప్రమాదం: జనం నమ్మినవి, రికార్డర్లలో ఉన్నవి

2010 ఏప్రిల్ 10 ఉదయం పోలండ్ వైమానిక దళానికి చెందిన టీయూ-154ఎం విమానం, నంబరు 101, రష్యాలోని స్మోలెన్స్క్ సెవెర్నీ విమానాశ్రయం దగ్గర కూలింది. లోపలున్న 96 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అధ్యక్షుడు లెఖ్ కచిన్‌స్కీ, ఆయన భార్య మరియా, సైన్యాధిపతి, త్రివిధ దళాల అధిపతులు, కేంద్ర బ్యాంకు అధిపతి, ఎంపీలు, 1940లో కటిన్‌లో సోవియట్ రహస్య పోలీసులు కాల్చి చంపిన పోలిష్ అధికారుల వారసులు అందులో ఉన్నారు. ఆ హత్యాకాండ 70వ వర్ధంతికే వాళ్ల ప్రయాణం. సోవియట్ ప్రభుత్వం దాదాపు యాభై ఏళ్లు ఆ హత్యల నేరాన్ని జర్మన్ల మీదికి నెట్టింది. పోలండ్‌కు మరో గాయమూ ఉంది. 1943 జూలై 4న ప్రవాస ప్రధాని సికోర్‌స్కీ జిబ్రాల్టర్‌లో విమానం కూలి చనిపోయారు, ఆ అనుమానాలు ఇప్పటికీ తీరలేదు. కాబట్టి స్మోలెన్స్క్ మీద అనుమానం పుట్టడంలో వింతేమీ లేదు. ప్రమాద విచారణ పనిలో ఉన్నవాళ్లం ఆ అనుమానాన్ని వెక్కిరించం. ఒక్కో ప్రశ్ననూ ఆధారాల పక్కన పెట్టి చూస్తాం.

అపోహ: పైలట్లు నాలుగుసార్లు దిగబోయి విఫలమయ్యారు.

వాస్తవం: ఒక్కసారే. నాలుగు ప్రయత్నాలన్నది మొదటి గంటల్లో వార్తల్లో పుట్టిన మాట. ప్రమాద సమయం కూడా పోలిష్ కాలమానంలో ముందు 8:56 అన్నారు, తర్వాత 8:41 అని తేలింది. విచారణలో మొదటి రోజు అంకెలు మారడం మామూలే. కానీ సవరణను ఎవరూ గట్టిగా చెప్పకపోతే, ఆ పదిహేను నిమిషాల తేడాయే 'ఏదో దాస్తున్నారు' అనడానికి సాక్ష్యమై కూర్చుంటుంది.

అపోహ: అంత పెద్ద విమానం రెక్కను ఒక బర్చ్ చెట్టు తెంచడం అసాధ్యం, కాబట్టి పేలుడే జరిగింది.

వాస్తవం: అన్నిటికన్నా మొండిగా నిలిచిన వాదన ఇదే. అసలు ప్రశ్న చెట్టు గురించి కాదు, విమానం అంత కిందికి ఎందుకు వచ్చిందన్నది.

ఆ రోజు పొగమంచు దట్టంగా ఉంది. దిగడానికి అనుమతించిన కనీస దృశ్యత 1000 మీటర్లు. అంతకుముందు దిగిన పోలిష్ యాక్-40 విమానం సిబ్బంది 400 మీటర్లే కనిపిస్తోందని రేడియోలో చెప్పారు, తర్వాత అది 200కు పడిపోయిందన్నారు. రష్యన్ ఐఎల్-76 రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి పోయింది. ఆ విమానాశ్రయంలో ఐఎల్ఎస్ లేదు, అంటే పొగమంచులో దారి చూపే కచ్చితమైన సంకేతం లేదు.

ఎత్తును రెండు రకాలుగా కొలుస్తారు. బారోమెట్రిక్ ఆల్టిమీటర్ గాలి పీడనాన్ని బట్టి, రన్‌వే మట్టం నుంచి ఎత్తు చెబుతుంది. రేడియో ఆల్టిమీటర్ సరిగ్గా కింద ఉన్న నేల నుంచి చెబుతుంది. స్మోలెన్స్క్ రన్‌వేకు ముందు ఒక లోయ ఉంది. దాని మీదుగా వస్తుంటే నేల ముందు కిందికి జారి, తర్వాత పైకి లేస్తుంది. అలాంటి చోట రేడియో ఆల్టిమీటర్ అంకెలను నమ్మితే విమానం ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి పోతుంది. నావిగేటర్ చదివి వినిపించినవి ఆ అంకెలే. దిగే వేగం కూడా మామూలుగా ఉండాల్సిన దానికి రెట్టింపు దగ్గర ఉంది.

ఇంకోటి. స్థానిక గాలి పీడనం 745 మిల్లీమీటర్లని (పాదరస మట్టం) విమానాశ్రయ కంట్రోలర్లు చెప్పారు. ఆఖరి దశలో కెప్టెన్ ఆల్టిమీటర్ ప్రామాణిక 760కి మారింది. ఒక మిల్లీమీటరుకు సుమారు 11 మీటర్ల ఎత్తు, అంటే 165 మీటర్ల దాకా తేడా. ఆ తేడాతో ఆ పరికరం లేని ఎత్తును చూపింది. 'పుల్ అప్' అన్న నేల హెచ్చరిక మోగుతూనే ఉంది. మళ్లీ పైకి లేవాలన్న నిర్ణయం జరిగాక ఆటోపైలట్ 'గో అరౌండ్' బటన్ నొక్కారు. ఐఎల్ఎస్ లేని చోట ఈ విమానంలో ఆ బటన్ పనిచేయదు. కొన్ని సెకన్లు అలా పోయాయి.

అప్పుడొచ్చింది ఆ చెట్టు, రన్‌వేకు సుమారు 855 మీటర్ల ముందు. విమానం వేగం గంటకు సుమారు 270 కిలోమీటర్లు. ఎడమ రెక్క కొసన ఆరు మీటర్లకు పైగా తెగిపోయింది. కుడి రెక్క లిఫ్ట్ (పైకి లేపే బలం) అలాగే ఉంది కాబట్టి విమానం ఎడమకు దొర్లి, తిరగబడి నేలను తాకింది. మధ్యలో ఐదు సెకన్లే. 'అన్ని ముక్కలెలా అయింది?' అనే ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. బలమైన నిర్మాణమంతా క్యాబిన్ అడుగున ఉంటుంది, దెబ్బ పడింది పల్చటి పైకప్పు మీద.

అపోహ: రికార్డర్లన్నీ (బ్లాక్ బాక్సులు) రష్యా చేతిలోనే ఉన్నాయి, ఏమైనా మార్చి ఉండొచ్చు.

వాస్తవం: అసలు రికార్డర్లు, శకలాలు రష్యాలోనే ఉండిపోయిన మాట నిజం, ఆ మొండితనమే అనుమానాన్ని పోషించింది. కానీ విమానంలో పోలండ్‌లో తయారైన క్విక్ యాక్సెస్ రికార్డర్ (విమాన వివరాలను సులువుగా తీసి చదవగలిగే పరికరం) ఒకటి ఉంది. దాన్ని వార్సాలోనే చదివారు. నేల హెచ్చరిక పరికరం మెమరీని అమెరికాలో దాని తయారీదారు దగ్గర చదివారు. మూడు దేశాల్లో చదివిన వివరాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి.

అపోహ: దిగి తీరాలని అధ్యక్షుడు ఆదేశించారు.

వాస్తవం: కాక్‌పిట్ రికార్డింగులో అలాంటి ఆదేశం లేదు. తర్వాత ఏం చేయాలో అధ్యక్షుడు ఇంకా నిర్ణయించలేదని ప్రోటోకాల్ అధికారి చెప్పిన మాట మాత్రం ఉంది. ఒత్తిడికి ఆదేశమే అక్కర్లేదు, వెనక అంతమంది పెద్దలు ఎదురుచూడటమే చాలు.

అపోహ: తప్పంతా పైలట్లదే అని అందరూ తేల్చేశారు.

వాస్తవం: రష్యన్ నివేదిక (2011 జనవరి) దాదాపు అలాగే రాసింది. అది పోలండ్‌లో కోపం రేపడం న్యాయమే. అదే ఏడాది జూలై 29న వచ్చిన పోలిష్ నివేదిక సిబ్బంది తప్పిదాలతో పాటు, విమానం దారి తప్పుతున్నా 'మార్గంలోనే ఉన్నారు' అని చెప్పిన కంట్రోలర్లనూ, ప్రముఖులను తీసుకెళ్లే 36వ ప్రత్యేక రెజిమెంట్ శిక్షణ లోపాలనూ ఎత్తిచూపింది. 2008 జనవరి 23న మీరోస్వావియెత్స్‌లో కాసా విమానం కూలి వైమానిక దళం వాళ్లు 20 మంది పోయారు. అదీ చెడు వాతావరణంలో దిగబోతూ కూలిందే. ఆ పాఠం వంటబట్టలేదు. పోలిష్ నివేదిక వచ్చాక రక్షణ మంత్రి రాజీనామా చేశారు, రెజిమెంటును రద్దు చేశారు. రక్షణ శాఖ 2016లో ఏర్పాటు చేసిన విచారణ ఉపసంఘం పేలుళ్లే కారణమని ప్రకటించింది, 2023 డిసెంబరులో దాన్నీ రద్దు చేశారు.

అపోహ: నాయకులంతా పోవడంతో దేశం కుప్పకూలింది.

వాస్తవం: లేదు. రాజ్యాంగం 131వ అధికరణ ప్రకారం పార్లమెంటు దిగువ సభ స్పీకర్ కొమొరోవ్‌స్కీ అదే రోజు బాధ్యతలు తీసుకున్నారు. సేనాధిపతుల స్థానంలోకి ఉపాధిపతులు వచ్చారు. ఎన్నికలు జూన్ 20, జూలై 4న జరిగాయి.

అపోహ: దుఃఖం దేశాన్ని ఏకం చేసింది.

వాస్తవం: కొద్ది రోజులు చేసింది. అధ్యక్ష భవనం ముందు కొవ్వొత్తుల వరుసలు, వారం పైగా జాతీయ సంతాపం. కానీ రాజుల సమాధులున్న క్రాకోలోని వావెల్ కోటలో కచిన్‌స్కీ దంపతుల ఖననం ఖరారైన రోజే ఆ నగరంలో నిరసనలు మొదలయ్యాయి. తర్వాత భవనం ముందు స్కౌట్లు నాటిన శిలువ మీద నెలల తరబడి గొడవ. ప్రతి నెలా 10వ తేదీ స్మారక ఊరేగింపులు, వాటికి ఎదురుగా నిరసనలు ఏళ్ల తరబడి నడిచాయి.

అపోహ: నమ్మనివాళ్లంతా మూర్ఖులు.

వాస్తవం: ఈ మాట మాకు మరీ బాధ కలిగిస్తుంది. పేలుడు కథ తప్పే, కానీ అపనమ్మకానికి ఆధారాలు ఇచ్చింది విచారణ జరిపినవాళ్లే. మృతదేహాల గుర్తింపు మాస్కోలో హడావిడిగా జరిగింది, శవపేటికలు మూసే వచ్చాయి. సాలిడారిటీ కార్మిక ఉద్యమకారిణి అన్నా వాలెంటినోవిచ్ దేహం మరొకరితో మారిపోయిందని 2012లో సమాధి తవ్వాక తేలింది. 2016 తర్వాతి తవ్వకాల్లో ఇంకా పొరపాట్లు బయటపడ్డాయి.

ఇలాంటి ప్రమాదాల్లో ముఖం చూసి, బట్టలు చూసి గుర్తించడం సరిపోదు. వేలిముద్రలు, దంతాల రికార్డు, డీఎన్ఏ, ఈ మూడింటిలో కనీసం ఒకటి కుటుంబం ఇచ్చిన వివరాలతో సరిపోవాలి. దొరికిన ప్రతి భాగానికీ వేరే నంబరు ఉండాలి, ఆ నంబరు ఘటనాస్థలం నుంచి పేటిక దాకా మారకూడదు. సరిపోల్చడం పూర్తయ్యే దాకా ఒక్క దేహాన్నీ అప్పగించకూడదు, దానికి వారాలు పట్టినా సరే. స్మోలెన్స్క్ మృతుల అంత్యక్రియలు మాత్రం పది రోజులు దాటకముందే మొదలయ్యాయి.