ఏరి తెచ్చిన ప్రాసెసర్, అనంతపురం ఎండ

మే నెలలో ఒక మధ్యాహ్నం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఒకసారి స్టూడియోకి రా. యూపీఎస్ మళ్లీ ఆగిపోయింది."

అనంతపురం టవర్ క్లాక్‌కి నాలుగు సందుల అవతల, మిద్దె మీద గదిలో వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు. నేను వెళ్లేసరికి చెమట తుడుచుకుంటూ నల్లటి స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నాడు. ధర్మవరం పెళ్లి వీడియో ముప్పావు వంతు ఎక్స్‌పోర్ట్ అయ్యాక కరెంటు పోయిందట. యూపీఎస్ కీమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. పని మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రం పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ కోసం వస్తారు.

బ్యాటరీ కొత్తదే. మొన్నటిదాకా కింది షాపువాళ్ల జనరేటర్ అందుకునేలోపు ఇదే యూపీఎస్ కంప్యూటర్‌ని నిలబెట్టేది. ఈ మధ్య మారింది ఒక్కటే: పది రోజుల కిందట కొత్త ప్రాసెసర్ పెట్టించాడు. మార్కెట్లో అన్నిటికంటే పై మోడల్. కరెంటు వచ్చాక గోడ సాకెట్‌కీ కంప్యూటర్‌కీ మధ్య వాట్ మీటర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టించాను. అంకె గబగబా ఎక్కి 610 దగ్గర ఆడుతోంది. వెయ్యి వీఏ అని పెట్టె మీద రాసి ఉండే ఇలాంటి చిన్న యూపీఎస్ నిజంగా మోయగలిగేది సాధారణంగా 600 వాట్లే. కరెంటు పోయిన క్షణమే దానికి భారం ఎక్కువైపోతోంది.

మీటర్ చూసి వాడు అడిగిన మాటే ఈ వ్యాసానికి మూలం. "ఇది ఏరి తీసిన చిప్ అన్నారు మామా. మంచి చిప్ అయితే తక్కువ కరెంటు తాగాల గదా?"

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. ఏరి తీసిన చిప్ నిజంగానే తక్కువ కరెంటుతో పని చేయగలదు. మరి మీటర్‌లో 610 ఎందుకొచ్చింది?

ముందు ఏరడం సంగతి. తొలకరికి ముందు మన పల్లెల్లో ఇంటింటా శనక్కాయలు వొలుస్తారు. చేటలో పోసుకుని చేత్తో ఒక్కో గింజా చూస్తారు. నిండుగా, పొర చెడకుండా ఉన్నవి విత్తనానికి. కొంచెం నొక్కుకుపోయినవి వంటింటికి. పుచ్చులు బయటికి. ఒకే చేనులో, ఒకే చెట్టుకు కాసినా గింజలన్నీ ఒకటిగా ఉండవు. విత్తనపు గింజని ఎవరూ విడిగా తయారు చేయరు, ఉన్నవాటిలోంచి ఏరతారు.

ప్రాసెసర్లదీ ఇదే కథ. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న సిలికాన్ పళ్లెం మీద ఒకేసారి వందల చిప్పులు పుడతాయి. ఆ పళ్లేన్నే వేఫర్ అంటారు. ఒక్కో చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు, వాటిలో కొన్ని పొరల మందం అణువుల లెక్కలో ఉంటుంది. అంత సన్నని పనిలో ఒక చోట పొర రవ్వంత మందం, ఇంకో చోట రవ్వంత పలచన కావడం ఎవరి చేతిలోనూ లేదు. అందుకే పక్కపక్కన పుట్టిన రెండు చిప్పుల గుణం ఒకటిగా ఉండదు. శనక్కాయ గింజని కంటితో చూసి చెప్పొచ్చు, చిప్పుకి ఆ వీలు లేదు. మెషీన్‌లో పెట్టి, ఎంత వోల్టేజీ ఇస్తే ఎంత వేగం తట్టుకుంటోందో కొలిచి, గుణాన్ని బట్టి వేర్వేరు గంపల్లో వేస్తారు. బిన్నింగ్ అంటే ఇదే. రెండు మూడు కోర్లు (చిప్పులో లెక్కలు చేసే విభాగాలు) పాడైన చిప్పుని ఆ కోర్లు మూసేసి కింది మోడల్ పేరుతో అమ్ముతారు. ఇంటెల్ 13వ తరంలో ఐ9, ఐ7 పై మోడళ్లు రెండూ ఒకే చిప్పు డిజైన్‌లోంచి వచ్చినవే. ఇందులో మోసమేమీ లేదు. పారేయాల్సినదాన్ని పనికొచ్చేలా చేసే పద్ధతి ఇది, దీనివల్లే మనకి తక్కువ ధరకి ప్రాసెసర్లు దొరుకుతున్నాయి.

గంపల్లో అన్నిటికంటే పైది, మెరికల్లాంటి చిప్పులున్నది, విడిగా పేరు పెట్టుకుని బజారుకొస్తుంది. ఇంటెల్ ఈ దారిలో 2018లో తన పాత 8086 చిప్పుకి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 8086కె తెచ్చింది. 2019లో 9900కేఎస్, 2022లో 12900కేఎస్, 2023 జనవరిలో 6 గిగాహెర్ట్జ్ వేగం (గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల సార్లు) అందుకున్న 13900కేఎస్, 2024 మార్చిలో 6.2 గిగాహెర్ట్జ్ 14900కేఎస్. ప్రాసెసర్లు చేసే మరో కంపెనీ ఏఎండీకీ ఈ అలవాటు ఉండేది, దాని ఉదాహరణే అన్నిటికంటే బాగా కళ్లకు కడుతుంది, కాసేపట్లో వస్తాను.

ఇక కరెంటు లెక్క. ట్రాన్సిస్టర్ స్విచ్ లాంటిది. అది పడిన ప్రతిసారీ, లేచిన ప్రతిసారీ కొంచెం విద్యుత్తు ఖర్చవుతుంది. సెకనుకి ఎన్నిసార్లు పడి లేస్తుందో అదే వేగం. వేగం రెట్టింపైతే ఖర్చు రెట్టింపు, అంతవరకు సబబే. అసలు దెబ్బ వోల్టేజీ దగ్గర ఉంది. ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచక తప్పదు, లేకపోతే స్విచ్ సమయానికి పూర్తిగా పడదు, లెక్క తప్పుతుంది.

ఉదాహరణకి 5.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక చిప్పుకి 1.2 వోల్టులు చాలనుకుందాం. 6 గిగాహెర్ట్జ్‌కి 1.45 వోల్టులు కావాలనుకుందాం. వేగం 15 శాతం పెరిగింది. వోల్టేజీ వర్గం 46 శాతం పెరిగింది. రెండూ కలిపి గుణిస్తే కరెంటు ఖర్చు 68 శాతం పైకి పోతుంది. కాగితం మీది లెక్కే అయినా బజారులో అమ్మిన సరుకు కూడా దీన్నే చూపించింది. ఏఎండీ ఎఫ్ఎక్స్-8350 అనే చిప్పు గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్, కంపెనీ రాసిన ఖర్చు 125 వాట్లు. అదే డిజైన్‌లోంచి ఏరిన చిప్పులతో 2013లో ఎఫ్ఎక్స్-9590 తెచ్చారు. వేగం 5 గిగాహెర్ట్జ్, ఖర్చు 220 వాట్లు. వేగంలో 19 శాతానికి ఖర్చులో 76 శాతం. పైగా అవి ఏరిన చిప్పులు! ఏరకుండా చేసి ఉంటే ఇంకా ఎక్కువే తాగేవి.

మా వాడి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మామూలు చిప్పు 1.3 వోల్టులు అడిగే చోట మంచి చిప్పు 1.2తో సరిపెట్టుకుంటుంది. మిగిలిన ఆ కాస్త జాగాని రెండు రకాలుగా వాడుకోవచ్చు. అదే వేగంతో తక్కువ కరెంటు, తక్కువ వేడి. లేదా ఆ జాగా మొత్తం వోల్టేజీతో నింపేసి చివరి 200 మెగాహెర్ట్జ్ పిండుకోవడం. కంపెనీ పెట్టె మీద పెద్ద అంకె కోసం రెండోదాన్ని ఎంచుకుంటుంది. విత్తనానికి ఏరిన గింజని మూకుట్లో వేసి వేయించినట్టుగా ఉంటుంది నాకు. మంచిదాన్ని ఏరిన శ్రమంతా ఆ మంచితనాన్ని కాల్చేయడానికే అయితే ఎంత బాధగా ఉంటుందో సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.

13900కేఎస్, 14900కేఎస్‌లకి కంపెనీ రాసిన మామూలు పరిమితి 253 వాట్లు. 2024 దాకా చాలా ఖరీదైన మదర్‌బోర్డులు (ప్రాసెసర్‌ని కూర్చోబెట్టే బోర్డులు) ఆ పరిమితిని కూడా ఎత్తేసి, 4096 వాట్లని పెట్టేవి. అంటే హద్దు లేదని. అలా వదిలేస్తే 14900కేఎస్ 400 వాట్లు దాటడం పరీక్షల్లో తేలింది. ఈ తరం చిప్పు విస్తీర్ణం సుమారు 257 చదరపు మిల్లీమీటర్లు, మన బొటనవేలి గోరంత. 253 వాట్ల దగ్గరే చదరపు సెంటీమీటరుకి దాదాపు 100 వాట్ల వేడి. ఇస్త్రీపెట్టె అడుగు వేడి చదరపు సెంటీమీటరుకి పది వాట్లు కూడా ఉండదు.

ఈ వేడి ఎక్కడికి పోవాలి? గదిలోకే. ఇక్కడే అనంతపురం ఎండ లెక్కలోకొస్తుంది, నాకు బాగా పట్టింపు ఉన్న భాగం కూడా ఇదే.

కొత్త ప్రాసెసర్లని పరీక్షించేవాళ్లు సాధారణంగా 20, 22 డిగ్రీల గదిలో కూర్చుంటారు. మా వాడి గదిలో కూలర్ తిరుగుతున్నా గోడ మీది థర్మామీటర్ 38 చూపిస్తోంది. ఈ చిప్పులు 100 డిగ్రీలు తాకితే వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ గాలిని చల్లబరచలేదు, గది గాలికంటే చిప్పు ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందో దాన్ని మాత్రమే అదుపు చేయగలదు. 22 డిగ్రీల గదిలో 253 వాట్ల దగ్గర చిప్పుని సరిగ్గా 100 దగ్గర ఆపగలిగిన ఫ్యాన్ ఉందనుకోండి. అంటే 253 వాట్లకి 78 డిగ్రీల తేడా. 38 డిగ్రీల గదిలో మిగిలిన తేడా 62 డిగ్రీలే. ఆ 62 డిగ్రీల్లో అదే ఫ్యాన్ తీసుకుపోగలిగేది సుమారు 200 వాట్లు. మిగతా 50 వాట్ల వేగానికి మా వాడు డబ్బు కట్టాడు, మే నెలలో అది వాడికి దొరకదు. చిప్పు వేడెక్కేకొద్దీ లోపల కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది, కాబట్టి నష్టం ఈ లెక్క కంటే ఎక్కువే తప్ప తక్కువ ఉండదు.

పెట్టె మీది 6.2 సంగతి కూడా చెప్పాలి. 14900కేఎస్‌లో ఆ వేగం రెండు కోర్లకే, అదీ చిప్పు చల్లగా ఉన్నంతసేపే. ఈ చిప్పులో వేగానికి పెద్ద కోర్లు, పొదుపుకి చిన్న కోర్లు ఉంటాయి; అన్ని పెద్ద కోర్లూ పని చేస్తే గరిష్ఠం 5.9. చల్లగా ఉండటమనే షరతుని కర్నూలు, కడప, అనంతపురాల్లో మార్చి నుంచి జూన్ దాకా ఎలా తీర్చాలి? ఏసీ పెట్టాలి. అప్పుడు ఆ చిప్పు వేడిని బయటికి నెట్టడానికి ఏసీ తాగే కరెంటునీ చిప్పు ఖాతాలోనే రాసుకోవాలి.

ఈ చిప్పులని సమర్థించేవాళ్ల మాటలు కూడా విన్నాను, కొన్నిటిలో నిజముంది. ఎవరూ బలవంతంగా కొనిపించడం లేదంటారు. కావాల్సినవాళ్లకే ఇది, అందులోనూ కొద్దిమందికే. గేమ్స్ ఆడేటప్పుడు ప్రాసెసర్ పూర్తి భారం మీద ఉండదు, 253 వాట్లు తాగదు. ఇవన్నీ సబబే. ల్యాప్‌టాప్ కాదు కదా, గోడకి తగిలించి వాడేదానికి కరెంటు గురించి ఎందుకంత బాధ అనేదే నాకు మింగుడుపడదు. 253 వాట్లకి బదులు అందులో సగంతో సరిపెడితే వచ్చే సుమారు 125 వాట్ల తేడా అంటే రోజుకి 8 గంటలు వాడితే ఒక యూనిట్, నెలకి 30 యూనిట్లు. ఏసీ లెక్క వేరే.

వేగం కోసం వోల్టేజీ పెంచడమొక్కటే దారి అనుకుంటే వాదన ఇక్కడితో ఆగేది. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ 7800ఎక్స్3డీ వచ్చింది. దాని రాసిన ఖర్చు 120 వాట్లు, గేమ్స్‌లో తాగేది ఇంకా తక్కువ. వేగం 5 గిగాహెర్ట్జ్ మాత్రమే. అయినా చాలా గేమ్స్‌లో 6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లతో సమానంగా, కొన్నిటిలో ముందుగా పరిగెత్తింది. చిప్పు మీద ఇంకో పొర క్యాష్ మెమరీ పేర్చి, మొత్తం 96 మెగాబైట్లు చేశారు. కావాల్సిన డేటా పక్కనే ఉంటే ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూడదు. ఆ పొర ఎక్కువ వోల్టేజీని తట్టుకోదు కాబట్టి పెంచే వీలే ఉంచలేదు. వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పనుల్లో ఎక్కువ కోర్లున్న చిప్పులే ముందుంటాయి, అది వేరే సంగతి.

అంచు దాకా నెట్టడం వల్ల ఏం జరగొచ్చో 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14 తరాల పై మోడళ్లు కొన్ని నెలల వాడకం తర్వాత గేమ్స్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని, దానివల్ల లోపలి సర్క్యూట్ కొంత అరిగిపోతోందని ఇంటెల్ తేల్చింది. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాల) అప్‌డేట్ 1.55 వోల్టులు దాటి అడగకుండా కట్టడి చేసింది. వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించారు. అయితే అప్పటికే అరిగిపోయిన చిప్పుని ఏ అప్‌డేటూ బాగు చేయలేదు. ఆ మైక్రోకోడ్ బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో వస్తుంది, ఆ తరాల ప్రాసెసర్ వాడుతున్నవాళ్లు అది చేశారో లేదో ఈరోజే చూసుకోండి, దయచేసి వాయిదా వేయకండి.

ఆ సాయంత్రం మేము చేసింది పది నిమిషాల పని. బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ పరిమితి 125 వాట్లుగా పెట్టాం. వీడియో మళ్లీ మొదలుపెట్టాం. 50 నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్‌కి 59 నిమిషాలు పట్టింది. మీటర్ 470 దాటలేదు. మధ్యలో మళ్లీ కరెంటు పోయింది. యూపీఎస్ బీప్ బీప్ అంటూ, కింద జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకా నిలబడింది. మా వాడు ఆ కాసేపూ కుర్చీలోంచి లేచి నిలబడే ఉన్నాడు.

పక్క టేబుల్ మీద వాడి పార్ట్‌నర్ కంప్యూటర్ ఉంది. అదే తరం ప్రాసెసర్, ఏరనిది, మామూలు మోడల్. మిగతా భాగాలన్నీ ఒకటే. మర్నాడు దానికీ 125 పెట్టి, అదే వీడియో ఎక్స్‌పోర్ట్ చేయించాడు. 61 నిమిషాలు పట్టింది. ఏరిన చిప్పు అదే కరెంటుతో రెండు నిమిషాల ముందు ముగించింది.

"చూసినావా మామా, మంచిదే" అన్నాడు.